కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మంచినీటి మత్స్య పరిశ్రమ: సకాలంలో పిల్లల విడుదలే కీలకం

కామారెడ్డి, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్లలో చేపల పెంపకం ప్రధానంగా వర్షాధారమైన చెరువులు, మంజీర పరీవాహక ప్రాంతంలోని జలాశయాలపై ఆధారపడి ఉన్నది. కోస్తా జిల్లాలలో వలె ప్రత్యేకంగా తవ్విన చెరువులలో మేత వేసి పెంచే పద్ధతి ఇక్కడ తక్కువ. సాగునీటి చెరువులలో పిల్లలను వదిలి, అవి సహజాహారంపై ఎదిగిన తరువాత పట్టుకొనే విధానమే అధికం. కావున నీరు నిలిచే కాలం, పిల్లలను విడుదల చేసే సమయం - ఈ రెండే దిగుబడిని నిర్ణయిస్తున్నాయి.

జలవనరులు

2016 అక్టోబరు 11న నిజామాబాద్ జిల్లా నుంచి కామారెడ్డి జిల్లా ఏర్పడింది. నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం జలాశయం 1922లో పూర్తయింది. ఎల్లారెడ్డికి పడమట మంజీరపై నిజాంసాగర్‌ను 1923-31 మధ్య నిర్మించారు. పూడిక వలన దాని నిల్వ సామర్థ్యం 17.8 టి.ఎం.సి.లకు తగ్గింది. చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించిన మిషన్ కాకతీయ కార్యక్రమం 2015 మార్చి 12న సదాశివనగర్‌లోనే ప్రారంభమయింది. పూడిక తొలగిన చెరువులో నీరు మరికొన్ని వారాలు నిలిస్తే, చేప ఎదుగుదలకు ఆ వ్యవధి కలసివస్తుంది.

ఏటా పిల్లలు ఎందుకు?

బొచ్చె, రవ్వ, మ్రిగాల చేపలు నిలకడ నీటిలో గుడ్లు పెట్టవు; పారే వరద నీటిలోనే సంతానోత్పత్తి చేస్తాయి. 1957 జూలై 10న కటక్‌లో డాక్టర్ హీరాలాల్ చౌదరి హార్మోన్ల సూదిమందుతో వీటి ప్రేరిత ప్రజననం సాధించిన తరువాతనే హేచరీల ద్వారా పిల్లల సరఫరాకు మార్గం సుగమమయింది. ఆ తేదీని జాతీయ మత్స్య రైతుల దినోత్సవంగా జరుపుకొంటున్నారు. బంగారుతీగ మాత్రం చెరువులోనే గుడ్లు పెట్టగలదు. మిగిలిన రకాలను ఏటా వదలవలసిందే.

రొయ్యల విషయంలోనూ ఇదే పరిస్థితి. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగినా, దాని లార్వా దశకు ఉప్పు కలిసిన నీరు అవసరం. కావున సముద్రతీరం లేని ఈ జిల్లా జలాశయాలలో రొయ్య దానంతట అది వృద్ధి చెందదు.

పరిమాణం, సమయం

రాష్ట్ర ప్రభుత్వం 2016-17లో నూరు శాతం గ్రాంటుపై చేపపిల్లల పంపిణీ ప్రారంభించింది. కొద్ది నెలలే నీరుండే చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలను, ఏడాది పొడవునా నీరుండే జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలను నిర్దేశించారు. జలాశయాలలో వాలుగ, కొర్రమీను వంటి మాంసాహార చేపలు చిన్న పిల్లలను తినివేయడమే ఈ తేడాకు కారణం.

ఆగస్టులో వదిలిన పిల్లకు ఏప్రిల్ నాటికి ఎనిమిది నెలల ఎదుగుదల లభిస్తుంది. అదే పిల్లను నవంబరులో వదిలితే ఐదు నెలలే మిగులుతాయి. అందులోనూ చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది. వేసవిలో చెరువు అడుగంటగానే చేప ఎంత ఉన్నా పట్టి అమ్మక తప్పదు. చిన్న చేపకు మార్కెట్లో ధర తక్కువ. ఆ విధంగా విడుదలలో జాప్యం నేరుగా మత్స్య సహకార సంఘాల సభ్యుల ఆదాయాన్ని తగ్గిస్తున్నది.

వరదల ముప్పు

నీటి కొరత వలెనే అధిక నీరూ నష్టదాయకమే. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో అసాధారణ వర్షాలు కురిశాయి. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదయింది. చెరువు మత్తడి దూకినపుడు, కట్ట తెగినపుడు పిల్లలు దిగువకు కొట్టుకొనిపోతాయి. అందువలన మత్తడి వద్ద ముందుగానే జాలీలు అమర్చుకోవడం, పెద్ద ప్రవాహం తగ్గిన వెంటనే పిల్లలను వదలడం శ్రేయస్కరం.

సహాయ పథకాలు

2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని మత్స్య రంగానికి విస్తరించారు. 2020లో ప్రారంభమైన ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన కింద లబ్ధిదారుల యూనిట్లకు సాధారణ వర్గాలకు 40 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, మహిళలకు 60 శాతం సహాయాన్ని నిర్ణయించారు. మత్స్యకారుల ప్రమాద మరణానికి రూ.5 లక్షల బీమా కూడా ఇందులో చేర్చారు.

విడుదల సమయంలో సంఘ సభ్యుల సమక్షంలో నమూనా లెక్కింపు జరపడం, పిల్లల పరిమాణాన్ని కొలవడం, సంచులను కొంతసేపు చెరువు నీటిపై తేలనిచ్చి ఉష్ణోగ్రత సమానమైన పిదప విప్పడం అవసరం. లెక్కలో కొరత, పరిమాణంలో తేడా గట్టుపైనే బయటపడాలి; నీటిలో కలిసిన తరువాత వాటిని సరిచూసే వీలు లేదు.