అడిగిన దేశానికే సాయం: సాంకేతిక సహకారపు అభ్యర్థన పత్రం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒక్కొక్కటిగా స్వతంత్రమవుతున్న కాలంలో, వాటిని డబ్బు కొరతతో పాటు ఆనకట్టలు కట్టగల, మలేరియాను అరికట్టగల, జనాభా లెక్కలను విశ్లేషించగల నిపుణుల కొరత కూడా పీడించింది. ఈ లోటు తీర్చడానికి నిపుణులను పంపడం, అధికారులకు శిక్షణ ఇవ్వడం, కొద్దిపాటి పరికరాలు సమకూర్చడం అనే పనులన్నిటికీ కలిపి సాంకేతిక సహాయం అనే పేరు స్థిరపడింది.

ఆ సాయం ఏ దేశానికి కావాలో, ఏ రూపంలో కావాలో ఎవరు నిర్ణయించాలన్న ప్రశ్నకు ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 1948 డిసెంబరు 4న ఆమోదించిన 200వ తీర్మానం జవాబిచ్చింది. సాయం అందుకునే దేశపు అవసరాలకు తగినట్లుగా, వీలైనంతవరకు ఆ దేశం కోరిన రూపంలో అది అందాలని చెప్పింది. మరుసటి ఏడాది సమితిలోని ఆర్థిక, సామాజిక మండలి ప్రభుత్వాల ద్వారానే సాయం సాగాలనీ, అది పరాయి జోక్యానికి సాధనం కారాదనీ నియమం పెట్టింది. వలస పాలనను అనుభవించిన దేశాలకు ఈ నియమం ప్రాణప్రదమైనది. అందువల్ల సాయం కోరుతూ ప్రభుత్వం పంపే అభ్యర్థన పత్రాన్ని కేవలం కార్యాలయపు కాగితంగా చూడటం సరికాదు, తన అవసరాన్ని తానే చెప్పుకొనే హక్కు అందులో ఉంది.

ఆచరణలో ఆ హక్కు అన్నిచోట్లా నిలవలేదు. 1954లో ఆసియా దేశాల అభివృద్ధికి సాయపడే కొలంబో ప్రణాళికలో చేరి దాతగా మారిన జపాన్, అభ్యర్థన వస్తేనే సాయం అనే పద్ధతిని ప్రకటించినా, పథకాన్ని వెతికేదీ, అడిగే దేశం పేరిట పత్రాలు సిద్ధం చేసేదీ చాలాసార్లు జపాన్ కంపెనీలేనన్న విమర్శను దశాబ్దాల పాటు ఎదుర్కొంది. పత్రం రాయగల సిబ్బంది లేని ప్రభుత్వానికి అడిగే హక్కు ఉన్నా, అది కాగితం మీదే మిగులుతుంది.

భారతదేశం ఈ వ్యవహారంలో రెండు వైపులా నిలిచింది. 1952 జనవరిలో అమెరికాతో సాంకేతిక సహకార ఒప్పందం చేసుకుని, ఆ ఏడాది అక్టోబరు 2న గ్రామాల అభివృద్ధి కోసం మొదలైన సమాజ వికాస పథకానికి ఆ సాయాన్ని వాడుకుంది. పన్నెండేళ్లకే, 1964 సెప్టెంబరు 15న, కేంద్ర మంత్రివర్గం భారత సాంకేతిక, ఆర్థిక సహకార కార్యక్రమాన్ని (ఐటెక్) ఆమోదించడంతో, దేశం ఇచ్చే వైపుకూ చేరింది. ఆ సమాజ వికాస పథకం నుంచే పుట్టి ముస్సోరీ నుంచి హైదరాబాద్‌లోని రాజేంద్రనగర్‌కు తరలివచ్చిన గ్రామీణాభివృద్ధి సంస్థ, 1962లో హైదరాబాద్‌కు వచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ కాలక్రమంలో ఐటెక్ తరగతులకు నెలవులయ్యాయి.

ఆ తరగతుల్లో చేరదలచిన విదేశీ ఉద్యోగి తన చదువు, ఉద్యోగ వివరాలను, ఆంగ్ల పరిజ్ఞానాన్ని, ఆరోగ్య ధ్రువీకరణను దరఖాస్తులో చూపి తన పై అధికారికి ఇస్తే, ఆ దేశం ఇందుకు నియమించిన శాఖ సిఫార్సు చేసి భారత రాయబార కార్యాలయానికి పంపుతుంది. ఎంపికైనవారి విమాన ఛార్జీలు, బస, శిక్షణ ఖర్చు, భత్యం భారత ప్రభుత్వమే భరిస్తుంది. ఈ వరుసలో బలహీనమైన మెట్టు సిఫార్సు చేసే శాఖే: శిక్షణ గురించిన ప్రకటన రాజధాని కార్యాలయాల్లోనే ఆగిపోతే, క్షేత్రంలో పనిచేసే ఉద్యోగికి అర్హత ఉన్నా అవకాశం తెలియకుండానే గడువు దాటిపోతుంది. దరఖాస్తులు ఇప్పుడు ఆన్‌లైన్‌లోకి మారినా, అభ్యర్థి సొంత ప్రభుత్వపు ఆమోదం మాత్రం నేటికీ తప్పనిసరి.