అరగంట వాదా

మా ఆపా కొడుకు బైక్ మీద ఇంటింటికీ ఖానా చేరవేసే నౌకరీ చేస్తాడు. రాత్రి వాడు ఇల్లు చేరేదాకా ఆపా చేతిలో తస్బీ తిరుగుతూనే ఉంటుంది. "రెండు నిమిషాలు లేటైతే ఫోన్ల మీద ఫోన్లు మామూ" అన్నాడు మొన్న. ఈ జల్దీ ఎక్కడ మొదలైందా అని డామినోస్ పిజ్జా తారీఖ్ తిరగేశాను.

1960లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటి ఊళ్లో టామ్ మోనహన్, ఆయన భాయి జేమ్స్ ఒక చిన్న పిజ్జా దుకాణం కొన్నారు. టామ్‌కు నాలుగేళ్లప్పుడే తండ్రి పోయాడు. బచ్‌పన్‌లో కొన్నేళ్లు యతీమ్‌ఖానాలోనే గడిచాయి. దుకాణం కోసం 900 డాలర్లు ఖర్జ్ తెచ్చారు. ఎనిమిది నెలలకే జేమ్స్ తన హిస్సా వదిలేసి, బదులుగా డెలివరీకి వాడే పాత వోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు తీసుకున్నాడు.

1965లో దుకాణం పేరు డామినోస్‌గా మారింది. గుర్తు మీది మూడు చుక్కలు అప్పటి మూడు దుకాణాలు. కూర్చుని తినే హోటల్ పెట్టకుండా, కాలేజీ పిల్లల గదులకే వేడివేడిగా చేర్చడం టామ్ పట్టుకున్న కిటుకు. 1978కి 200 దుకాణాలు, 1983కి వెయ్యి. మన దేశంలో మొదటిది 1996లో, దిల్లీలో.

ఈ తరక్కీ వెనక పెద్ద బలం ఒక వాదా: అరగంటలో రాకపోతే పిజ్జా ముఫ్త్. దాని ఖీమత్ రోడ్డు మీద తేలింది. ఎర్ర లైటు దాటుకొచ్చిన డెలివరీ కారు గుద్ది ఒక మహిళ గాయపడిన కేసులో, 1993లో సెయింట్ లూయిస్ జ్యూరీ దాదాపు 7.9 కోట్ల డాలర్లు చెల్లించాలంది. కంపెనీ అమెరికాలో ఆ వాదా ఎత్తేసింది. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా నడిచింది.

నేను కోర్టు తీర్పు చదువుతుంటే మా ఇల్లే గుర్తొచ్చింది. పిజ్జా చెప్పిన రోజు మా బచ్చే గడియారం ముందు కూర్చునేవాళ్లు. "యా అల్లా, ఇంకో రెండు నిమిషాలు లేట్ చెయ్" అని దువా! ముఫ్త్‌గా తినొచ్చని. నేనూ నవ్వాను. ఆ రెండు నిమిషాలు కలుపుకోవడానికి ఏ అమ్మీ కొడుకో సిగ్నల్ దాటుతున్నాడని ఒక్కసారీ తట్టలేదు. ఇప్పుడు ఆ బైక్ మీద మా ఖాందాన్ పిల్లగాడే ఉన్నాడు.

ఈసారి మీ దర్వాజా తట్టిన పిల్లగాడిని "ఇంత లేటెందుకు" అనకండి. "పానీ తాగుతావా బేటా" అని అడగండి.