డీజిల్ బిల్లు ఎవరి ఖాతాలో?

డీజిల్ మండినప్పుడల్లా మనకు వినిపించే కథ ఒకటుంది. చమురు ధర పెరుగుతుంది, యజమాని లెక్క చూసుకుంటాడు, వేరే దారి వెతుక్కుంటాడు, కొన్నాళ్లకు పాత ఇంజను పోయి కొత్తది వస్తుంది. బషీర్‌బాగ్, నాంపల్లి సభామందిరాల్లో విద్యుత్ వాహనాల మీద మాట్లాడేవారూ, పత్రికల వాణిజ్య పుటల్లో రాసేవారూ దాదాపు ఇదే చెబుతారు. కార్లు, స్కూటర్ల విషయంలో అది కొంతవరకు నిలుస్తుందేమో. రోడ్డెక్కని భారీ వాహనాల విషయంలో, అంటే గని డంపర్లు, డోజర్లు, మట్టి తోలే టిప్పర్ల విషయంలో, తెలుగు నేల మీద జరిగింది వేరు. సింగరేణి చరిత్ర దగ్గర పెట్టుకుని చూడండి. దేశంలో డీజిల్ ధరను సర్కారు అదిమిపెట్టిన రోజుల్లో అక్కడ కరెంటు యంత్రాలు దిగాయి. ధర విడిచిపెట్టిన రోజుల్లో గనుల నిండా డీజిల్ టిప్పర్లు తిరిగాయి. ధర ఒక్కటే నడిపించే కథ అయితే ఇది తలకిందులుగా జరగాలి.

తొలి దశలు చాలామందికి తెలిసినవే కాబట్టి త్వరగా దాటుతాను. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులు దక్కాయి. 1889లో తవ్వకం మొదలైంది. గనుల హక్కుల వ్యవహారం 1888లో లండన్ పార్లమెంటు కమిటీ విచారణ దాకా వెళ్లింది. బొగ్గు తవ్వడం కన్నా బొగ్గు వాటాల కాగితాలు అమ్ముకోవడమే లాభసాటి అని మన దగ్గర అప్పుడే తేలిందన్నమాట. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది, 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో అధిక భాగం కొనేసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చి, బస్సులకు బొగ్గు పొయ్యి తగిలించి ఆ గ్యాసుతో నడిపారు. పెద్దవాళ్లు ‘బొగ్గు బస్సు’ అని చెప్పుకునేది దాన్నే. పెట్రోలు మళ్లీ దొరకగానే పొయ్యిలు ఊడదీశారు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్‌ను పెద్ద యంత్రాలతో కాంక్రీటు పోసి కాక, వేలాది కూలీల చేతుల మీద రాతికట్టడంగా లేపారు. విదేశీ మారకం కరువు, మనుషులు చవక. మట్టిపనిలో ఈ దేశం ఎక్కువకాలం వాడుకున్న ప్రత్యామ్నాయ శక్తి మనిషి కండే. పాలమూరు వలస కూలీలను అడిగితే ఆ సంగతి మనకన్నా బాగా చెబుతారు. ఈ రెండు సందర్భాల్లోనూ దారి మార్చింది సరుకు దొరక్కపోవడం, లేదా కొనడానికి డాలర్లు లేకపోవడం. లీటరు రేటు పాత్ర చిన్నది.

అసలు వివాదం 1975 తర్వాతి కాలం గురించి. ఆ ఏడాది రామగుండంలో సింగరేణి ఓపెన్‌కాస్ట్ తవ్వకం మొదలైంది. అంతకు రెండేళ్ల ముందే, 1973 చివర్లో, ప్రపంచ చమురు ధర పీపా మూడు డాలర్ల నుంచి కొద్ది నెలల్లోనే పన్నెండు దాకా ఎగబాకింది. అందుకని సింగరేణి యాంత్రీకరణలో కరెంటుకు పెద్దపీట వేయడం ఆ చమురు దెబ్బకు జవాబు అనుకోవడం తేలిక. నాకది నమ్మబుద్ధి కాదు. ఆనాడు దేశంలో డీజిల్ ధరను నిర్ణయించింది మార్కెట్ కాదు. ఆయిల్ పూల్ ఖాతా పెట్టి కేంద్రమే పైదెబ్బలు సర్దింది. ఆ పాలనా ధరల పద్ధతి 2002 ఏప్రిల్ 1 దాకా కాగితం మీద, డీజిల్ విషయంలో ఆచరణలో 2014 అక్టోబరు దాకా నడిచింది. గని మేనేజరు డెస్కు మీదికి ఆ పన్నెండు డాలర్లు పూర్తిగా ఎప్పుడూ రాలేదు.

మరి కరెంటు ఎందుకొచ్చింది? కారణాలు ఒక్కో యంత్రానికి ఒక్కోటి. భూగర్భ గనుల్లో 1980ల నుంచి ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి. కోల్ ఫిల్లర్లు తట్టలతో ఎత్తిన బొగ్గును ఇవి ఎత్తాయి. తోక లాగా కేబుల్ ఈడ్చుకుంటూ కరెంటుతో నడిచే బండ్లివి. ఎల్‌హెచ్‌డీ అయితే రబ్బరు టైర్ల మీదే పోతుంది. విద్యుత్ భారీ వాహనం తెలుగునాట నిన్నమొన్న పుట్టిందనేవాళ్లు నలభై ఏళ్లుగా భూమి అడుగున తిరుగుతున్న వీటిని లెక్కలోకి తీసుకోరు. అక్కడ డీజిల్‌ను దూరం పెట్టింది మీథేన్ వాయువు, గాలి చాలని సొరంగం, గనుల భద్రతా నియమాలు.

పైన ఓపెన్‌కాస్టులో సంగతి వేరు. రోప్ షావళ్లు, 1980ల్లో వచ్చిన నడిచే డ్రాగ్‌లైన్ అన్నీ కరెంటువే. అంత పరిమాణంలో అవి ప్రపంచమంతటా అలాగే తయారయ్యేవి కాబట్టి ఎంచుకునే ప్రశ్నే లేదు. నిజంగా ఎంచుకున్నది ఒకటుంది. 1990ల నడుమ రామగుండం ఓసీ-2లో ఓబీ, అంటే బొగ్గు మీది మట్టీ బండా, గనిలోనే నలగ్గొట్టి కన్వేయర్ బెల్టు మీద పైకి పంపే ఏర్పాటు చేశారు. డంపర్ చేసే పనిని కరెంటు మోటారుకు అప్పగించే ప్రయత్నం మన దగ్గర ఇంత పెద్ద ఎత్తున జరగడం అదే మొదలు. దాని వెనక ఉన్నది డీజిల్ భయం కన్నా ప్రణాళికా నిధులు, విదేశీ పరిజ్ఞానం, అన్నిటినీ మించి గనిలో ప్రతి యంత్రం కంపెనీ సొంతం కావడం. ఇరవై ఐదేళ్లు నడిచే గనికి ఇరవై ఏళ్లు మన్నే బెల్టు కొనడం అప్పుడు అర్థమున్న పని.

ఆ బెల్టు ఎంత విలువైనదో చిన్న లెక్కతో తెలుస్తుంది. నూరు టన్నులు మోసే డంపర్ ఖాళీగా ఉన్నా డెబ్బై టన్నుల దాకా తూగుతుంది. నిండు బండి నూరు మీటర్ల ఎత్తు ఎక్కాలంటే, రాపిడి మాట వదిలేసినా, 46 యూనిట్ల పని జరగాలి. లీటరు డీజిల్ నుంచి ఇంజను చక్రాలకు అందించేది నాలుగు యూనిట్ల లోపే. అంటే ఒక్క ఎక్కుడుకే 12 లీటర్ల దగ్గర. అందులో ఐదింట రెండు వంతులు బండి తన ఒళ్లు తాను మోసుకోవడానికే ఖర్చు. దిగేటప్పుడు ఆ ఒంటి బరువు శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. బెల్టుకు ఈ దండగ లేదు.

అయినా మట్టిపని ఆ దారి పట్టలేదు. తర్వాత వచ్చిన గనుల్లో ఓబీ చాలావరకు డీజిల్ టిప్పర్ల మీదే పోయింది. దీనికి ఇంజనీర్లు చెప్పే కారణాలను నేను తోసిపుచ్చను. గోదావరి లోయ పొరలు వాలుగా, విరిగి, ఒకదాని కింద ఒకటిగా ఉంటాయి. బెల్టు ఒకసారి వేస్తే కదపడం కష్టం. భూసేకరణ ఏ ఊరి దగ్గర ఆగుతుందో తెలియని చోట రెండు కిలోమీటర్ల బెల్టు గీయడం సాహసమే. ఇవన్నీ నిజం. కానీ పొరల వాలు 1994లో ఎంతో 2004లోనూ అంతే. ఈ నడుమ మారింది కంపెనీ ఖజానా. 1990ల్లో సింగరేణి నష్టాల్లో మునిగి ఖాయిలా కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్‌ఆర్ గుమ్మం రెండుసార్లు ఎక్కింది. తేరుకుని లాభాల బాట పట్టాక కూడా కొత్త షావళ్లు, డంపర్లు సొంతంగా కొనడం కన్నా ఓబీని కాంట్రాక్టుకివ్వడమే తేలిక అనిపించింది. 1998లో హోస్కోటెలో ఓల్వో కర్మాగారం మొదలయ్యాక ఆ టిప్పర్లు బొగ్గు బెల్టులో కాంట్రాక్టర్ గుర్తుగా మారాయి. కరెంటు రోప్ షావల్ స్థానంలో డీజిల్ హైడ్రాలిక్ ఎక్స్‌కవేటర్ నిలబడింది. నాలుగైదేళ్ల ఒప్పందం చేతిలో ఉన్న కాంట్రాక్టర్ సబ్‌స్టేషన్ కట్టడు, బెల్టు వేయడు. ఒప్పందం అయిపోతే ఇంకో గనికి తోలుకుపోగల బండి కొంటాడు. పైగా డీజిల్ రేటు పెరిగితే ఆ మేరకు బిల్లు సవరించే నిబంధన ఇలాంటి ఒప్పందాల్లో మామూలు. ధర పెరిగినా అతని జేబుకు సెగ తగలదు. కంపెనీకి తగులుతుంది, కానీ ఇంజను కంపెనీది కాదు. డీజిల్ ధర ఎంత అన్నదాని కన్నా, ఆ ధర చెల్లించేవాడూ ఇంజను ఎంచుకునేవాడూ ఒకడేనా అన్నదే ఈ చరిత్రకు తాళంచెవి అని నా వాదన.

దీనికి ఎదురు నిలిచే సాక్ష్యం దక్షిణాఫ్రికాది. 1980ల తొలినాళ్లలో పలబోరా రాగి గనిలో, సిషెన్ ఇనుప గనిలో ఎత్తు దారుల మీద తీగలు కట్టి, ట్రాలీ బస్సుల్లాగా డంపర్లను కరెంటుతో ఎక్కించారు. చమురు దెబ్బ తర్వాతే అది జరిగిందనడంలో సందేహం లేదు. అయితే జాతివివక్ష ప్రభుత్వం మీద చమురు ఆంక్షలున్న రోజులవి. రేపు డీజిల్ దొరుకుతుందో లేదో తెలియని భయం రేటు భయం కన్నా పెద్దది. ఆ డంపర్లూ గని యజమానులవే. ఆ ఉదాహరణ నా వాదనను పూర్తిగా బలపరుస్తుందనను, కూల్చదని మాత్రం అనగలను.

ధర సిద్ధాంతానికి మన దగ్గరే రెండుసార్లు పరీక్ష జరిగింది. 2013 జనవరిలో టోకు వినియోగదారులకు డీజిల్ సబ్సిడీ ఎత్తేశారు. ఆర్టీసీలాంటి సంస్థలకు రాత్రికి రాత్రే లీటరు మీద దాదాపు పది రూపాయలు పెరిగాయి. బస్సులు డిపో బంకు వదిలి రోడ్డు పక్క బంకుల్లో వరస కట్టాయి. 2022 మార్చిలో టోకు ధర మళ్లీ లీటరు మీద 25 రూపాయల దాకా పెరిగింది. మళ్లీ అదే వరస. పెద్ద కొనుగోలుదారు తొలి స్పందన ఇంజను మార్చడం కాలేదు, బంకు మార్చడం అయింది. పైగా డీజిల్ జీఎస్‌టీ పరిధి బయట ఉంది. దాని మీద తెలంగాణ వేసే వ్యాట్ 27 శాతం. ఆ రాబడి వదులుకుని కరెంటు వైపు తోయడానికి ఏ ప్రభుత్వమూ తొందరపడదు.

డీజిల్‌కు బదులుగా వినిపించే కానుగ నూనె ముచ్చట కూడా ఇక్కడే చెప్పాలి. ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడలో మహిళా సంఘాలు కానుగ మొక్కలు పెంచి, గింజ నూనె తీసి, 2003లో 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పొదుపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మాయి. మంచి పనే. దాన్ని చూపి డోజర్లు, ట్రాక్టర్లు కానుగ నూనెతో నడుస్తాయన్న ఆశ మాత్రం అతి. 2009 జాతీయ విధానం 2017కల్లా డీజిల్లో 20 శాతం బయోడీజిల్ కలపాలంది. ఒక్క శాతం కూడా అందలేదు. కానుగ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. 2008 జులైలో 147 డాలర్లున్న పీపా డిసెంబరుకు 40 దిగువకు పడిపోయింది. చెట్టు నాటినవాడు ఏ ధరను నమ్ముకోవాలి?

ఇక వర్తమానం. హైదరాబాద్ సంస్థ ఒలెక్ట్రా విద్యుత్ టిప్పర్ తయారుచేసి 2023లో ధ్రువీకరణ తెచ్చుకుంది. ఇక్కడే పుట్టిన సెలెస్టియల్ విద్యుత్ ట్రాక్టర్ కంపెనీలో 2022లో మురుగప్ప గ్రూపు మెజారిటీ వాటా కొన్నది. సామర్థ్యం ఉంది, కాదనను. ఏటా నాలుగు లక్షల కిలోలీటర్లకు పైగా డీజిల్ తాగే కోల్ ఇండియా 2021లో ఒడిశాలో నూరు టన్నుల డంపర్లకు ఎల్‌ఎన్‌జీ ప్రయోగం మొదలుపెట్టింది. మరుసటి ఏడాదే ఉక్రెయిన్ యుద్ధంతో ఎల్‌ఎన్‌జీ ధర ఆకాశానికి లేచింది. ఒక దిగుమతి ఇంధనం నుంచి తప్పించుకోవడానికి ఇంకో దిగుమతి ఇంధనాన్ని పట్టుకోవడం నాకు ఎప్పుడూ తెలివిగా అనిపించలేదు. 2025లో కేంద్రం పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద విద్యుత్ లారీలకు ప్రకటించిన సాయం రిజిస్ట్రేషన్ ఉన్న సరుకు వాహనాల కోసం. గోతిలో తిరిగే డంపర్ దాని చూపులో లేదు.

స్విట్జర్లాండ్‌లో ఓ సున్నపురాయి క్వారీలో బ్యాటరీ డంపర్ దాదాపు ఛార్జింగే లేకుండా నడుస్తుందని మన సదస్సుల్లో తరచు చెబుతారు. నిజమే, అక్కడ రాయి కొండ మీద ఉంది, బండి బరువుతో దిగి ఖాళీగా ఎక్కుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా బ్యాటరీ నిండుతుంది. మాసబ్‌ట్యాంక్‌లో కార్యాలయమున్న ఎన్‌ఎండీసీకి ఆ ఉదాహరణ పనికొస్తుంది, దాని బైలడిల్లా ఇనుప ఖనిజం కొండ నెత్తిన ఉంది కాబట్టి. రెడ్‌హిల్స్ సింగరేణి భవన్‌కు పనికిరాదు. ఇక్కడ బరువు గోతిలోంచి ఎక్కాలి. ఒక టన్ను బొగ్గుకు ఆరు ఘనపు మీటర్ల దగ్గర ఓబీ ఎక్కాలి, 2023-24లో తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు.

ఆ ఖర్చు చివరికి చేరేది కరెంటు బిల్లులోకే. డీజిల్ బొగ్గు ధరలో, బొగ్గు విద్యుత్ ధరలో కలుస్తాయి. విద్యుత్ ధర ఎంత సున్నితమైనదో 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపు మీద నిరసన తెలిపినవారిపై జరిగిన బషీర్‌బాగ్ కాల్పుల్లో పోయిన మూడు ప్రాణాలు చెప్పాయి. ఆ పెంపుకు గని డీజిల్ కారణమని నేననడం లేదు. ఓబీ టెండరులో ఒక సవరణ నిబంధన ఇంటి మీటరు దాకా ఎలా నడిచొస్తుందో మన విద్యుత్ చర్చల్లో ఎవరూ అడగరంటున్నాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. సింగరేణికి ఇప్పుడు 200 మెగావాట్లకు పైగా సోలార్ ఉంది, జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ కేంద్రమూ ఉంది. ఓబీ పని రాత్రింబవళ్లు సాగుతుంది కాబట్టి, పొద్దుగూకాక బ్యాటరీ టిప్పర్లను నింపేది ఎక్కువగా బొగ్గు కరెంటే. లీటరు డీజిల్ కాలితే 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, చక్రాలకు అందేది నాలుగు యూనిట్ల లోపు. బొగ్గు కరెంటుకు ఒక్కో యూనిట్‌కే కిలో అటూఇటూ. పొగ లెక్కలో ఇది డీజిల్ కన్నా మెరుగని గట్టిగా చెప్పలేం. విదేశీ మారకం లెక్కలో, టిప్పర్ పక్కన నిలబడి పనిచేసేవాడి ఊపిరితిత్తుల లెక్కలో తప్పకుండా మెరుగు. ఈ మూడు లెక్కల్లో దేని కోసం మారుతున్నామో చెప్పకుండా అన్నిటినీ కలిపి ‘గ్రీన్’ అని బ్యానరు కట్టడం మీదే నా అభ్యంతరం.