చిన్నవాళ్ళకి చరిత్ర: 1930ల నాటి మూడు రచనలు

"పన్నెండేళ్ళ పిల్లకి చరిత్ర పుస్తకం ఒకటి చెప్పండి, తెలుగులో అయితే మరీ మంచిది" అని ఎవరైనా అడిగితే నాకు వెంటనే జవాబు తోచదు. కథల పుస్తకాలైతే పది పేర్లు గడగడా చెప్పేస్తాను. సైన్సు పుస్తకాలైనా నాలుగు గుర్తొస్తాయి. చరిత్ర దగ్గరకొచ్చేసరికి నోరు ఆగిపోతుంది.

మన పిల్లలకి రాజుల గురించి తెలియదని కాదు. 1947 జులైలో చందమామ మొదలైన దగ్గర్నుంచీ తెలుగు పిల్లలు చదివిన రాజులకి లెక్కలేదు. కానీ ఆ రాజుల్లో చాలామందికి ఊరు లేదు, సంవత్సరం లేదు. ఒకానొక రాజ్యం, ఒకానొక కాలం. కథకి అది చాలు. ఇంకోపక్క బడిలో సోషల్ పుస్తకం ఉంటుంది. అందులో సంవత్సరాలుంటాయి, యుద్ధాలుంటాయి, సంధి షరతులుంటాయి, మనుషులే కనబడరు. ఈ రెండింటికీ మధ్యలో ఉండాల్సిన పుస్తకం ఎలా ఉంటుందో ఆలోచించినప్పుడల్లా నేను మూడు రచనల దగ్గరకి వెళ్తుంటాను. మూడూ 1930కీ 1936కీ మధ్య రాసినవే. ఒకటి జైల్లో రాసింది. ఒకటి వియన్నాలో, ఉద్యోగం లేని ఒక కుర్రాడు రాసింది. మూడోది అసలు పిల్లల కోసం రాసిందే కాదు.

మొదటిది నెహ్రూది. దీనికి ముందు చిన్న పీఠిక ఉంది. 1928 వేసవిలో పదేళ్ళ ఇందిర ముస్సోరీలో ఉంది, తండ్రి అలహాబాదులో. ఆ ఎడబాటులో రాసిన ఉత్తరాలే 1929లో చిన్న పుస్తకంగా వచ్చాయి. వాటిని హిందీలోకి అనువదించింది ప్రేమ్‌చంద్. ఆ ఉత్తరాల్లో ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, చరిత్రని రాజులతో కాకుండా రాళ్ళతో మొదలుపెట్టడం. నున్నటి గులకరాయి ఒకటి చేతిలోకి తీసుకుని, దీని మూలలు ఎవరు అరగదీశారో చెప్పు చూద్దాం అన్నట్టుగా మాట్లాడతాడు. చరిత్ర అంటే ఎవరో చెప్పింది నమ్మడం కాదు, ఆనవాళ్ళు చూసి ఊహించడం అని పదేళ్ళ పిల్లకి ఇంతకన్నా సులువుగా ఎలా చెప్తాం?

అసలు పుస్తకం తర్వాత వచ్చింది. తిథుల ప్రకారం ఇందిర పదమూడో పుట్టినరోజు 1930 అక్టోబరు 26న పడింది. ఆ రోజు నెహ్రూ నైనీ జైల్లో ఉన్నాడు. కానుక పంపే వీలు లేదు కాబట్టి ఉత్తరం రాశాడు. అక్కణ్ణుంచి 1933 ఆగస్టు దాకా, జైళ్ళు మారుతూ, మధ్యలో విడుదలవుతూ, మళ్ళీ అరెస్టవుతూ 196 ఉత్తరాలు. 1934లో 'గ్లింప్సెస్ ఆఫ్ వరల్డ్ హిస్టరీ' పేరుతో అచ్చయ్యాయి. చేతిలో లైబ్రరీ లేదు. తను రాసుకున్న నోట్సు పుస్తకాలు, బయటినుంచి వచ్చే కొన్ని పుస్తకాలు, హెచ్.జి. వెల్స్ రాసిన ప్రపంచ చరిత్ర, ఇవే ఆధారం. నేను చరిత్రకారుణ్ణి కాను అని ఆయనే ముందు చెప్పేశాడు.

నాకు ఈ పుస్తకంలో నచ్చేది దాని కూర్పు. ఆ కాలంలో ప్రపంచ చరిత్ర అంటే గ్రీసులో మొదలై రోము మీదుగా లండన్‌కి చేరేది. ఇక్కడ చైనా ఉంది, పర్షియా ఉంది, మంగోలులున్నారు. దక్షిణాదికి, సముద్రం దాటిన మనవాళ్ళకి విడిగా ఉత్తరాలున్నాయి. దీని బలహీనత కూడా స్పష్టంగానే కనిపిస్తుంది. చివరికొచ్చేసరికి ఎదురుగా ఉన్న పిల్లని మర్చిపోయి దేశంతో మాట్లాడటం మొదలుపెడతాడు. ఆర్థిక మాంద్యం, యుద్ధ రుణాలు, డాలరుకీ పౌండుకీ మధ్య గొడవ... పదిహేనేళ్ళ అమ్మాయి ఇవన్నీ ఓపిగ్గా చదివిందా అని అనుమానం వస్తుంది. మా అక్క కూతురికి ఈ పుస్తకం గురించి చెప్తుంటే అది అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఆ అమ్మాయి తిరిగి ఏం రాసింది పిన్నీ?" అని. న్యాయమైన ప్రశ్న. ఆ పుస్తకంలో జవాబులు లేవు. తండ్రీకూతుళ్ళ మధ్య అటూ ఇటూ నడిచిన ఉత్తరాలు చదవాలంటే సోనియా గాంధీ సంపాదకత్వంలో 1989లో వచ్చిన 'ఫ్రీడమ్స్ డాటర్' దాకా ఆగాలి. పిల్లల కోసం రాసే చరిత్రలో పిల్లల గొంతు ఎక్కడ అన్నది ఈ పుస్తకం వదిలిపెట్టిన ఖాళీ.

రెండోది ఎర్నస్ట్ గోంబ్రిక్ రాసిన 'ఎ లిటిల్ హిస్టరీ ఆఫ్ ది వరల్డ్'. కళా చరిత్రకారుడిగా ఆయన పేరు చాలామందికి తెలుసు. ఈ పుస్తకం రాసేనాటికి మాత్రం పీహెచ్‌డీ పూర్తయి పనిలేకుండా ఉన్న ఇరవయ్యారేళ్ళ కుర్రాడు. స్నేహితుల పాప ఒకతె, "ఎప్పుడు చూసినా ఏం రాస్తుంటావ్?" అంటే, తన సిద్ధాంత వ్యాసాన్ని కథలా మార్చి ఆమెకి ఉత్తరం రాశాడట. అదే సమయంలో వాల్టర్ నోయ్‌రాట్ అనే ప్రచురణకర్త పిల్లల కోసం ఇంగ్లీషులో వచ్చిన చరిత్ర పుస్తకం ఒకటి ఇచ్చి, అనువాదం చేస్తావా అన్నాడు. చదివి, ఇంతకన్నా నేనే బాగా రాస్తాను అన్నాడు ఈయన. సరే రాయి, ఆరు వారాలే టైము అన్నాడు ఆయన. రోజుకో అధ్యాయం. పొద్దున ఇంట్లో ఉన్న పుస్తకాలు, మధ్యాహ్నం లైబ్రరీ, సాయంత్రం రాత. ఆదివారాలు ఇల్జె హెల్లర్ అనే అమ్మాయికి చదివి వినిపించేవాడు. తర్వాత ఆమే ఆయన భార్య అయింది. పుస్తకం 1935లో జర్మన్‌లో వచ్చింది. తర్వాత నాజీలు దాన్ని నిషేధించారు. రచయిత యూదుడు అన్నది కాదు వాళ్ళు చూపిన కారణం, పుస్తకం మరీ శాంతివాదంగా ఉందట!

మొదటి అధ్యాయంలో ఒక పోలిక ఉంది. లోతు తెలియని బావిలోకి కాగితం వెలిగించి వదిలితే, అది కిందికి దిగుతూ గోడల్ని ఒక్కో చోట వెలిగిస్తుంది. ఇంకా దిగుతుంది, నక్షత్రమంత చిన్నదవుతుంది, తర్వాత కనబడదు. మన జ్ఞాపకాన్ని గతంలోకి అలా వదులుదాం అంటాడు. చిన్నప్పుడు నూతిలోకి తొంగిచూసిన ఎవరికైనా ఇది అర్థమవుతుంది. లోపాలు లేవని కాదు. ఇది ప్రధానంగా యూరప్ కథ. మోహెంజొదారో, బుద్ధుడు వస్తారు గానీ మన దేశం కనిపించేది కొద్ది పేజీల్లోనే.

నేను ఎక్కువసార్లు చదివింది మాత్రం దాని చివరి అధ్యాయం. 1985లో పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు, యాభై ఏళ్ళ తర్వాత, డెబ్భయ్యారేళ్ళ వయసులో చేర్చింది. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా అధ్యక్షుడు విల్సన్ మాట నమ్మి జర్మనీ, ఆస్ట్రియా ఆయుధాలు దించాయనీ, తర్వాత ఆ మాట నిలబడలేదనీ 1935లో ఆయన రాశాడు. చుట్టుపక్కల అందరూ అనుకుంటున్నది అదే. నిజానికి విల్సన్ ప్రతిపాదన ముందే వచ్చింది, గెలుస్తామన్న ఆశతో వీళ్ళు దాన్ని పట్టించుకోలేదు, ఓడిపోయాక దాని కోసం వెతుక్కున్నారు. నేను సరిచూసుకోవాల్సింది అని ఆయన పిల్లలకే చెప్తాడు. ఓడిపోయిన దేశంలో "మనల్ని మోసం చేశారు" అన్న మాట ఎంత తేలిగ్గా నిజమైపోతుందో, దానిమీద హిట్లర్ ఎంత కట్టుకున్నాడో తెలిసినవాళ్ళకి ఈ సవరణ బరువు తెలుస్తుంది.

ఇంకోటి. మెక్సికోని స్పెయిన్‌వాళ్ళు నాశనం చేసిన సంగతి దగ్గర, ఇది ఎంత సిగ్గుచేటైన విషయమంటే ఇంతకుమించి చెప్పబుద్ధి కావడం లేదు అని 1935లో దాటేశాడు. చివరి అధ్యాయంలో ఆ మాట తనే గుర్తుచేసి, తన కాలంలోనే యూదులని లక్షలాదిగా చంపడం గురించి మాట్లాడతాడు. చిన్నవాళ్ళ పుస్తకంలో ఇది రాయాలా అని తటపటాయించాననీ, పిల్లలు ఎప్పటికీ పిల్లలుగా ఉండిపోరు కదా అనీ అంటాడు. ఆయన 2001లో చనిపోయేనాటికి ఇంగ్లీషు అనువాదం ఇంకా పూర్తికాలేదు. ఆయనతో కలిసి పనిచేసిన కరోలిన్ మస్టిల్ దాన్ని పూర్తిచేస్తే 2005లో వచ్చింది.

మూడోది అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. 1935–36 ప్రాంతంలో రాసిన చిన్న ఆత్మకథనం, ఆయన పోయాక చాలా ఏళ్ళకి, 1990లో అచ్చయింది. అంటరానితనం అంటే ఏమిటో విదేశీయులకి అర్థమయ్యేలా చెప్పడం దాని ఉద్దేశం. మొదటి ఘటన 1901లోది. తొమ్మిదేళ్ళ భీమ్, అన్న, మేనల్లుళ్ళు కోరెగావ్‌లో ఉన్న నాన్న దగ్గరకి బయల్దేరారు. కొత్త కోట్లు, జరీ టోపీలు. మసూర్ స్టేషన్లో దిగారు, తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. బట్టలు చూసి పెద్దింటి పిల్లలనుకున్న స్టేషన్ మాస్టరు, కులం తెలియగానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. రెట్టింపు ఇస్తామన్నా బండివాళ్ళు ఎక్కించుకోలేదు. చివరికి ఒకడు ఒప్పుకున్నాడు, బండి మీరే తోలుకోండి, నేను పక్కన నడుస్తాను అని. దగ్గర తిండి ఉంది, నీళ్ళు లేవు. రాత్రంతా అడిగినచోటల్లా నీళ్ళు దొరకలేదు. తిండి మూట అలాగే ఉండిపోయింది.

ఇది పిల్లల కోసం రాసింది కాదు. కానీ చదివే పిల్లకి ఇందులో తెలియనిదేమీ లేదు. రైలు తెలుసు, కొత్త బట్టలు తెలుసు, నాన్న వస్తాడని చూడటం తెలుసు, దాహం తెలుసు. కులవ్యవస్థ అన్న మాటకి నిర్వచనం చెప్పకుండానే అది ఏం చేస్తుందో తెలిసిపోతుంది. 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన'కి ఆధారం ఇదే. పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. మామూలు కామిక్స్‌లో ఉండే గళ్ళు లేవు. మంచి మాటలు పక్షి ఆకారపు బుడగల్లో, కుట్టే మాటలు తేలు కొండి ఉన్న బుడగల్లో ఉంటాయి. అమర్ చిత్రకథలో బాణం పట్టిన వీరుడు నడిపించిన చరిత్రని ఇక్కడ నీళ్ళడిగే పిల్లాడు నడిపిస్తాడు.

ఈ మూడూ ఇంటి పుస్తకాలు. దేశంలో ఎక్కువమంది పిల్లలకి చరిత్ర అంటే బడి పుస్తకమే. దాని మీద పెద్దవాళ్ళు కొట్టుకోవడం కొత్తేమీ కాదు. 1966లో రొమిలా థాపర్ ఆరో తరగతికి ప్రాచీన భారత చరిత్ర రాశారు. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక థాపర్, బిపన్ చంద్ర, ఆర్.ఎస్. శర్మల పుస్తకాల మీద దుమారం రేగింది, 1978లో శర్మ పుస్తకాన్ని సిలబస్ నుంచి తీసేశారు. 2001లో కొన్ని పేరాలు కొట్టేశారు. 2006లో వచ్చిన ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకి 'అవర్ పాస్ట్స్' అని పేరు పెట్టారు, గతం కాదు, గతాలు. ఆరో తరగతి పుస్తకం రషీదా అనే అమ్మాయి అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. 2023లో పన్నెండో తరగతి పుస్తకంలోంచి మొఘల్ దర్బారుల అధ్యాయం పోయింది. 2024లో ఆరో తరగతికి కొత్త పుస్తకం వచ్చింది. ప్రతిసారీ మార్పు పుస్తకంలో జరిగింది, దాన్ని చదివే పిల్లలకి ఎందుకు మార్చారో చెప్పినవాళ్ళు లేరు. గోంబ్రిక్ చివరి అధ్యాయానికీ దీనికీ తేడా అదే. అక్కడ పాత మాటా ఉంది, దాన్ని దిద్దిన మాటా ఉంది. ఇక్కడ పేజీ మాయమవుతుంది, అంతే.

తెలుగు సంగతికొస్తే, మనం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళం కాదు. కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి స్థాపించినప్పుడు, వేసిన మొదటి పుస్తకమే ఒక చరిత్ర పుస్తకం: గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితం. బానిసత్వం రద్దు చేసినవాడి కథ చదివితే తెలుగు యువకులకి పనికొస్తుందని వాళ్ళు అనుకున్నారు. 1908లో రాజద్రోహ నేరం మీద గాడిచర్ల జైలుకి వెళ్ళాడు. వాళ్ళకి చరిత్ర పరీక్షల కోసం చదివేది కాదు.

ఇప్పుడు తెలుగులో అలాంటి పుస్తకం ఎవరైనా రాస్తే, దానికి నేను పెట్టే పరీక్ష ఒకటే: 1948 సెప్టెంబరు 17 గురించి ఏం చెప్తుంది? ఆ రోజుకే మనకి విమోచనం, విలీనం, విద్రోహం అని మూడు పేర్లున్నాయి. కేంద్రం ఒక పేరుతో, రాష్ట్రం ఇంకో పేరుతో ఉత్సవం చేస్తాయి, ప్రభుత్వం మారితే పేరూ మారుతుంది. తెలంగాణలో పిల్లలు ఆ రోజు జెండా చూస్తారు, స్వీటు తింటారు. ఎందుకో అడిగితే ఇంట్లో తాతయ్య ఒకటి చెప్తాడు, వీధి చివర మైకు ఇంకోటి చెప్తుంది.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు ఊరివాళ్ళని చంపిన సంగతి ఆ పుస్తకంలో ఉండాలి. సైన్యం వచ్చాక ముస్లింల మీద జరిగిన హింస కూడా అదే అధ్యాయంలో ఉండాలి. భారత ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది, ఆ నివేదిక 2013 దాకా జనానికి అందుబాటులోకి రాలేదు. భూమి కోసం పోరాడినవాళ్ళు ఆ తర్వాత కూడా 1951 దాకా ఎందుకు పోరాడుతూనే ఉన్నారో కూడా చెప్పాలి. ఒకటి చెప్పి ఇంకోటి దాచితే అది చరిత్ర పుస్తకం కాదు, ఏదో ఒక పక్షం కరపత్రం. పిల్లలు తట్టుకోలేరనే వాదన నాకు తెలుసు. తొమ్మిదేళ్ళ భీమ్ తట్టుకోవాల్సి వచ్చింది కదా, పన్నెండేళ్ళ పిల్ల కనీసం చదవలేదా?

అలాగని మూడు మరణాల లెక్కలు వరసగా పెడితే పుస్తకం అయిపోదు. ఒక ఊరు కావాలి, అందులో ఒక ఇల్లు, ఆ ఇంట్లో ఆ రోజు ఏం వండుకున్నారో, ఎవరు ఎవరి ఇంట్లో దాక్కున్నారో కావాలి. అవి చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎనభైలు దాటారు. వాళ్ళని అడిగి రాసుకోవడానికి ఎక్కువ టైము లేదు. రాయాలనుకునేవాళ్ళు పెద్ద గ్రంథంతో మొదలుపెట్టక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఏదో ఒక పిల్లకి ఉత్తరాలు రాయడంతో మొదలుపెట్టొచ్చు. నెహ్రూ 1929 పుస్తకం కూడా చాలా పల్చటిదే.