మన కాలవగట్ల చర్చిలు

తాడేపల్లిగూడెం నుంచి దక్షిణానికి పోతే నరసాపురం, పడమటికి పోతే ఏలూరు, ఉత్తరానికి పోతే గౌరీపట్నం. మూడు దిక్కులా మూడు క్రైస్తవ కేంద్రాలు. చరిత్ర ఉన్న చర్చిలు చూడాలంటే ఇటలీ వెళ్లాలనే వాళ్లున్నారు. వెళ్లగలిగితే వెళ్లి రావాల్సిందే. అయితే మన మందిరాలను ముందు చూడమంటాను, వాటిలో ఉన్నది మన తాతముత్తాతల చరిత్ర కాబట్టి.

నరసాపురంతో మొదలుపెట్టాలి. 1836లో మిషనరీ ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా మన దేశానికి వచ్చారు. బౌడెన్ తాపీ పనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. బందరు మీదుగా నరసాపురం చేరి అక్కడ పని మొదలుపెట్టారు. గోదావరి డెల్టా మిషన్ పుట్టుక అదే. 1847లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టాక బౌడెన్ అక్కడి కూలీల మధ్య సువార్త చెప్పాడు. ఆనకట్ట 1852కి పూర్తయింది, కాలవలు పారాయి. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో పొలాలకు నీళ్లొచ్చిన కాలవల్లోనే పడవల మీద బోధకులూ ఊళ్లకు వచ్చారు. ఆ మిషన్‌కు చెందిన బ్రదరెన్ శాఖ మందిరాలు నిరాడంబరంగా ఉంటాయి. శిల్పాల కోసం కాదు, ఆ మొదటి అడుగు ఎక్కడ పడిందో తెలుసుకోవడానికి నరసాపురం చూడాలి.

ఏలూరు కథ బందరులో మొదలవుతుంది. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు చేరారు. 1854లో ఏలూరులో కేంద్రం తెరిచారు. బడి, గుడి పక్కపక్కనే నిలిచాయి. 1859లో రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య బెజవాడలో అదే సొసైటీకి చెందిన డార్లింగ్ దొర చేత బాప్తిస్మం పొందాడు. వెంకయ్య వెనుక మాలపేటలు కదిలాయి. తెలుగునాట మిషన్ చరిత్రను మలుపు తిప్పింది దొరలు మాత్రమే కాదు, వెంకయ్య వంటి మనవాళ్లు కూడా. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన అజరయ్య డోర్నకల్లులో కట్టించిన కెథెడ్రల్ కూడా ఈ మాటకు సాక్ష్యం. మన గుళ్ల పోకడా, మసీదుల పోకడా కలిసిన ఆ కట్టడాన్ని 1939లో ప్రతిష్ఠించారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ ఆంగ్లికన్ సంఘాలన్నీ అందులో చేరాయి.

ఇటలీతో మనకు నేరుగా బంధుత్వం కలిపింది కతోలిక గురువులు. 1386లో మొదలైన మహాదేవాలయానికి పేరుపొందిన మిలాన్ ప్రాంతంలోనే 1850లో ఒక మిషన్ సంస్థ పుట్టింది. దాని గురువులు 1855లో హైదరాబాదు చేరారు. 1924లో ఆ సంస్థకే చెందిన అర్లాటి ఫాదర్ బెజవాడలోని గుణదల కొండ గుహలో మరియమాత స్వరూపం నిలిపారు. 1933లో కొండ కొమ్మున సిలువ లేచింది. 1937లో ఏర్పడిన బెజవాడ పీఠానికి మొదటి బిషప్ దొమెనికో గ్రాస్సీ కూడా ఆ సంస్థ గురువే. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు గుణదల ఉత్సవాలకు మతభేదం లేకుండా జనం వచ్చి తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. 1976లో బెజవాడ పీఠం నుంచి విడిపోయి ఏలూరు వేరే పీఠమైంది. దేవరపల్లి దగ్గర గౌరీపట్నంలోని నిర్మలగిరి ఈ పీఠంలోదే. మార్చి నెలలో అక్కడి ఉత్సవాలకు మన పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు కదులుతాయి.

పాత చర్చి చిన్నదైపోతే సంఘాలు పడగొట్టి కొత్తది కడుతున్నాయి. జనం పెరిగారు, తప్పదు. కానీ పడగొట్టే ముందు శంకుస్థాపన రాయిని, గంటను భద్రం చేయండి. సమాధుల తోటలోని పలకల మీది అక్షరాలను ఫొటో తీయండి. అన్నిటికంటే ముఖ్యం బాప్తిస్మాల, పెళ్లిళ్ల, భూస్థాపనల రిజిస్టర్లు. బడి గడప తొక్కనివ్వని కాలంలో మాల, మాదిగ కుటుంబాల పేర్లు తేదీతో సహా రాసి పెట్టిన పుస్తకాలవి. చెదలు తినకముందే పాస్టరుగారిని, విచారణ గురువును అడిగి వాటికి నకళ్లు తీయించండి. ప్రతి సంఘంలో చదువుకున్న ఇద్దరు పిల్లలు పూనుకుంటే చాలు, ఈ చరిత్ర నిలుస్తుంది.