తెలుగు చుట్టాలు ఎవరు?

తార్నాక మీదుగా ఉస్మానియా ఆవరణలోకి వెళ్ళినప్పుడల్లా నాకు ఆ పాత తగాదా జ్ఞాపకం వస్తుంది. 1816లో మద్రాసులో ఎల్లిస్, తెలుగు సంస్కృతజన్యం కాదన్నాడు. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ కుటుంబాన్ని నిరూపించి, అక్కడితో ఆగక టర్కీ, మంగోల్, తుంగూజ్ భాషలతోనూ వియ్యం కలపబోయాడు. ప్రత్యయాలు ధాతువు వెనక చేరడం వంటి పోలికలు చూశాడు. పోలిక వేరు, పుట్టుక వేరు. ఆ మూడింటి మధ్య చుట్టరికమే నేటికీ తేలలేదు. అంకెల పేర్లయినా కలవవని క్లాసన్ ఆక్షేపించాడు. కలిసే మాటల్లో అరువు సొత్తు ఎంతో!

1937లో చిలుకూరి నారాయణరావు 'ఆంధ్ర భాషా చరిత్రము'లో తెలుగుది ప్రాకృత మూలమన్నారు. ఆయన శ్రమ అపారం. కాని మాటల పట్టిక ఎంత పొడవైనా జన్మపత్రిక కాదు.

ఉస్మానియా భాషాశాస్త్ర శాఖకు తొలి ఆచార్యులైన భద్రిరాజు కృష్ణమూర్తి 1961 నాటి తమ గ్రంథంలో ధ్వనుల మార్పును పట్టుకున్నారు. తమిళంలో 'ఇరణ్డు', 'ఉరల్'. మనకు 'రెండు', 'రోలు'. మొదటి అచ్చు తొలగి రేఫ ముందుకొచ్చింది. గోండులు 'రండ్' అంటారు. ఈ పోకడ కొండ, కువి భాషల్లోనూ ఉంది. ఇంత క్రమం అరువుతో రాదు. పండితులు ఆటవికమని ఈసడించిన భాషలే తెలుగు తోబుట్టువులన్న మాట! మన పాఠాలు తమిళ, కన్నడాల దగ్గరే ఆగిపోతాయి. నా తరగతిలో మాత్రం నేను గోండి పేరే ముందు చెబుతాను.