నెల లెక్క

మా అవ్వ నన్ను జన్మలో ఒకే ఒక్కసారి కొట్టింది. అదీ పలక కోసం.

మార్కాపురంలో పలక కోసం దెబ్బలు తినడమేమిటని మీరు నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. ఆ రోజుల్లో దేశంలో ఏ మూల పిల్లవాడు ‘అ ఆ’లు దిద్దినా ఆ పలక మా ఊరి గనుల్లో పుట్టిందేనని మేం గొప్పగా చెప్పుకునేవాళ్ళం. పగిలిన పలక ముక్కలు మాకు గులకరాళ్ళతో సమానం. తొక్కుడుబిళ్ళ కూడా వాటితోనే ఆడేవాళ్ళం. అలాంటి ఊళ్ళో, బియ్యం మూటల గది తలుపు వెనక మేకుకు వేలాడుతున్న చిన్న పలక ఒకటి తీసుకుని, దానిమీది చుక్కలూ గీతలూ ఉమ్మితో తుడిచేసి, నా పేరు అందంగా రాసుకున్నాను. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళు. అవ్వ చూసింది. వీపు మీద ఒక్కటిచ్చి, వెంటనే తనే కూలబడి, “లెక్కంతా చెరిపేస్తివి గదే పిల్లా!” అంది.

ఏ బాకీ లెక్కో నాకు అర్థం కాలేదు. తర్వాతెప్పుడో తెలిసింది. అది మా అమ్మదీ, మా పిన్నిదీ నెల లెక్క. అవ్వకు ఆ లెక్క ముగిసి అప్పటికే చాలా ఏళ్ళయింది. కోడళ్ళ లెక్క మాత్రం ఆవిడ దగ్గరుండేది.

అవ్వకు తారీఖులు రావు, తిథులు వచ్చు. గిద్దలూరు వైపు పల్లెలో పుట్టిన మనిషి. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోవే కాబట్టి, చివరిదాకా ఆవిడ మాటలో ఆ యాసే ఉండేది. “మీయమ్మకు పోయిన్నెల శుద్ధ ఏకాదశికి, ఈ నెల నవమికి” అనేది. నెత్తిన చంద్రుడే ఆవిడ క్యాలెండరు.

ఆ మాటకొస్తే మన భాషకే అది అలవాటు. ‘నెల’ అంటే ముప్ఫై రోజులని మనకు తెలుసు. నెలవంక, నెలరాజు అంటున్నప్పుడు ఆ నెల చంద్రుడేనని మాత్రం మరిచిపోతాం. ఒక్క మాటలో చంద్రుడూ, మాసమూ ఉన్నారు. దానికి తోకగా నెలసరి. అది రాకపోతే ‘నెల తప్పింది’ అని సంబరం. దూరదేశాల వాళ్ళదీ ఇదే దారి. లాటిన్‌లో మాసాన్ని ‘మెన్సిస్’ అన్నారు, డాక్టర్ల ‘మెన్సెస్’ అందులోంచే వచ్చింది. ఇంగ్లీషు వాళ్ళ ‘మంత్’కూ ‘మూన్’కూ చుట్టరికం ఉంది. ఆడవాళ్ళు ఆకాశం వంక చూసి రోజులు లెక్కపెట్టుకున్న కాలం ప్రతి భాషలోనూ ఇలా అంటిపెట్టుకుని ఉంది.

చిత్రమేమిటంటే, ఆ లెక్క మాత్రం ఆడవాళ్ళ చేతిలో ఎక్కువ కాలం ఉండలేదు. మనుస్మృతి ముట్టయిన నాటినుంచి 16 రాత్రులు ఋతుకాలమని, మొదటి నాలుగూ వదిలెయ్యమని భర్తకు చెప్పింది. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ప్రతినెలా వచ్చే ఋతువుకు చంద్రుడూ కుజుడూ కారణమన్నాడు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే గ్రీసు దేశపు అరిస్టాటిల్, చంద్రుడు క్షీణించే రోజుల్లో స్త్రీలకు ముట్టు వస్తుందని రాశాడు. మన పంచాంగాల్లో ఆడపిల్ల ఏ తిథిన, ఏ నక్షత్రాన పెద్దమనిషైతే ఏం ఫలమో పట్టీలు వేశారు. తాటాకు చాప మీద కూర్చుని చిమ్మిలి తింటున్న పిల్ల మాత్రం నోరెత్తడానికి వీల్లేదు. చిమ్మిలి మంచిదేననుకోండి, నువ్వుల్లోనూ బెల్లంలోనూ ఇనుముంది. కానీ ఆ పిల్ల బతుకు లెక్కకట్టింది పురోహితుడు!

ఇక మూడు రోజులు మూల కూర్చోవడమంటే వీధి వీధికీ దండోరా వేసినట్టే. ఎవరింట్లో ఎవరు ‘బయట’ ఉన్నారో పాలమనిషికి కూడా తెలిసేది. “ఆ పేరుతోనైనా ఆడదానికి విశ్రాంతి దొరికేది” అని కొందరు సమర్థిస్తుంటారు. ఆ మాటే అవ్వతో ఒకసారి అన్నాను. “కూలికి పోయేదానికి మూల యాడిదే?” అంది. నిజమే. గనిలో పలకలు మోసే మనిషికి, బెత్తెడు నీడ లేని మిరపచేలో వంగిన మనిషికి మూడు రోజుల సెలవెవరిచ్చారు? మైల మాత్రం అందరికీ ఇచ్చారు, విశ్రాంతి కొందరికే.

పైగా నీళ్ళు. అవ్వ పుట్టింటివాళ్ళకు గుండ్లకమ్మకు అడ్డంగా కొండల నడుమ కట్టిన కంభం చెరువు పాత చుట్టం. మెట్టినింట బిందె నీళ్ళకు మైలు దూరం నడక. బావి ముట్టరాదన్నారు. గుడ్డ ఉతుక్కోవడానికి మరొకరు పైనుంచి పోసే చెంబెడు నీళ్ళే గతి. ఉతికిన గుడ్డను ఎండలో ఆరేస్తే అప్రతిష్ఠ, చీకట్లో చీర కింద ఆరేస్తే మర్యాద! ఎండ తగలని గుడ్డతో ఎందరు రోగాలు తెచ్చుకున్నారో ఏ పంచాంగమూ రాయలేదు.

సరే, ఇంతకీ నిజంగా చంద్రుడు కారణమా? పలక లెక్కే దీనికి జవాబు చెబుతుంది. పున్నమి నుంచి పున్నమికి సుమారు 29న్నర రోజులు. 28 రోజులకోసారి ముట్టయ్యే మనిషికి ప్రతిసారీ తిథి రోజున్నర ముందుకు జరుగుతుంది. ఈ నెల పున్నమికి మొదలైతే పదిసార్లు తిరిగేసరికి అమావాస్య దగ్గర తేలుతుంది. అవ్వకు ఈ సంగతి లెక్కల మేష్టరు చెప్పలేదు. “చంద్రుడి దారి చంద్రుడిది, మన దారి మనది. ఊరికే ఆయన్ని గుర్తుగా పెట్టుకున్యాం” అనేది. మొన్నమొన్న, 2021లో, జర్మనీ శాస్త్రజ్ఞులు 22 మంది స్త్రీలు ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్న తేదీలు తీసి చూశారు. కొందరి లెక్క కొన్నాళ్ళు చంద్రుడితో కలిసి నడిచి, మళ్ళీ విడిపోయిందట. వయసు పెరిగినకొద్దీ, రాత్రిపూట దీపాల వెలుగు పెరిగినకొద్దీ ఆ పొత్తు సడలిందట. ఉంటే గింటే అంతమాత్రం స్నేహం. నాకు మాత్రం అందులో నచ్చింది వేరే. ఆ శాస్త్రమంతా నిలబడింది మామూలు ఆడవాళ్ళు తమకోసం రాసుకున్న డైరీల మీద!

కారణం కాకపోతేనేం, కొలత అయ్యాడు. కొలత ఎంత విలువైనదో మా ఇంట్లో ఒకసారి తెలిసింది.

నిజం చెప్పాలంటే ఆ పలకంటే అమ్మకు మంట. కొత్త కోడలిగా ఉన్నప్పుడు, ఎప్పుడు నెల తప్పుతుందా అని అత్తగారు కాపలా కాస్తున్నట్టు అనిపించేదట. ఆ అనుమానం పూర్తిగా అబద్ధమని నేననలేను. కానీ అమ్మకు నలభై నాలుగేళ్ళొచ్చాక సంగతి వేరు. మనిషి పాలిపోయింది, రెండు మెట్లెక్కితే ఆయాసం. “ఆగిపోయే వయసు, ఇట్లాగే ఉంటుంది” అని చుట్టుపక్కలవాళ్ళు తేల్చేశారు. అమ్మా అదే అనుకుంది. అవ్వ పలక దించి నాన్న ముందు పెట్టింది. “శుద్ధ ఏకాదశికి అయింది. మళ్ళీ బహుళ ద్వాదశికి. పదారు దినాలు. అయితే ఎనిమిది దినాలు నిలవడంల్యా. ఆగిపోయే లెక్క ఇది గాదు నాయనా, పొయ్యే లెక్క” అంది. కొడుకుతో ఆ ఇంట్లో ఈ మాటలు పైకి అన్నది అదే మొదటిసారి. నాన్న తలెత్తలేదు. తెల్లవారి బస్సుకే అమ్మను ఒంగోలు తీసుకెళ్ళాడు.

డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “ఎన్నాళ్ళకోసారి వస్తోందమ్మా?” అమ్మ దగ్గర జవాబు ఉంది. గర్భసంచిలో గడ్డలు. ఒంట్లో రక్తం సగానికి సగం లేదు. ముందు రక్తమెక్కించి, తర్వాత ఆపరేషన్ చేశారు. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది, నేనిక్కడ రాయను. అమ్మ బతికింది. ఇంటికొచ్చాక పిన్నిని పిలిచి, “నీ పలక నువ్వే పెట్టుకో, నువ్వే రాసుకో” అంది. అవ్వ కూడా కాదనలేదు. మరో పలక తెప్పించి పిన్ని చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో అది చిన్న విప్లవమే.

ఇప్పుడు కాలం మారింది. 2018లో సానిటరీ నాప్కిన్ల మీద జీఎస్టీ తీసేశారు. 2021లో మన రాష్ట్రం బడిపిల్లలకు ‘స్వేచ్ఛ’ పేరుతో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలు నూటికి 58 మందికి పైగా రక్తహీనులే. తమ నెల లెక్క ఎవరో ఒకరు, ముఖ్యంగా తామే, చూసుకోనివాళ్ళు వాళ్ళలో ఎందరో!

మా అమ్మాయికి పన్నెండేళ్ళు. కిందటి మాఘంలో పెద్దమనిషైంది. ఫోనులో ఏదో యాప్ ఉందమ్మా, అదే లెక్క చూస్తుంది అంది. మంచిదే. కాని ఆ లెక్క ఏ దేశంలో ఏ కంపెనీ గుమాస్తా చూస్తున్నాడో ఎవరికి తెలుసు? మళ్ళీ మన నెల మరొకరి చేతిలోకే పోతోందేమోనని నా భయం.

మా పలకల గనులు ఇప్పుడు మునుపటిలా లేవు, బడుల్లో పలకలూ లేవు. వెతికి వెతికి పాత పలక ఒకటి సంపాదించి, బలపంతో సహా దాని చేతిలో పెట్టాను. “చుక్క నువ్వే పెట్టు. నాకు చూపించాలనిపిస్తే చూపించు, లేకపోతే లేదు” అన్నాను. అది పలకను అటూ ఇటూ తిప్పి చూసి, “దీంట్లో సుఖమేమిటమ్మా?” అంది.

“తడిగుడ్డతో తుడిస్తే పోతుందే. తుడవాలో వద్దో మాత్రం నీ ఇష్టం” అన్నాను.